ఊరి పేరు మీద వేలు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మధురానగర్ వైపు తిరిగే చోట ఒక నూడుల్స్ బండి ఉంటుంది. మొన్న సాయంత్రం నేను దాని పక్కనుంచి పోతుండగా బండి అతను కాలుతున్న మూకుడులో వెనిగర్ చల్లాడు. గుప్పున పొగ లేచింది. అక్కడున్న కోచింగ్ సెంటర్ల పిల్లలకి ఆకలి పుట్టి ఉంటుంది. నాకు మాత్రం వీపు నిటారుగా అయింది. పదేళ్ళు దాటినా ఆ పుల్లటి ఘాటు అనుకోని చోట ముక్కుకి తగిలితే చాలు, నా వెనక ఎవరో నిలబడి భుజం మీదుగా నేను చేసే పనిని తప్పుపట్టడానికి చూస్తున్నారనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు, ఆవిడ పోయి ఏడాది అవుతోంది.

ఆవిడ పేరు నఫీసా. మేమంతా మేడం అనేవాళ్ళం. పంజాగుట్టలో ఆసుపత్రుల వెనక ఒక సందులో, రెండో అంతస్తులో క్రోమోజోములు చూసే చిన్న ల్యాబు ఉంది. అప్పట్లో దానికి ఆవిడ పెద్ద. నేను తెనాలి దగ్గర ఒక ఊరినుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో దిగిన రోజుల్లో, అమీర్‌పేటకి వచ్చిన నాలాంటి వాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరేవారు. నేను మాత్రం చదివిన బయోటెక్నాలజీని పట్టుకుని ఆ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. రక్తకణాలని మిథనాల్ అనే రసాయనానికి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే గాఢంగా కలిపిన ద్రావణంలో నిలవ ఉంచుతాం. అందువల్ల మా గది ఎప్పుడూ పచ్చళ్ళ కొట్టులా పుల్లగా వాసన వేసేది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి నేను ఎక్కడో హోటల్లో పనిచేస్తున్నానని చాలా రోజులు అనుకుంది.

మేడం పొట్టిగా ఉండేవారు. యూసుఫ్‌గూడ నుంచి బస్సులో వచ్చేవారు. ఆవిడ దేన్నీ నమ్మేవారు కాదు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో పోల్చి చూసి, రెండింటినీ ఫోన్‌తో పోల్చేవారు. టీ కప్పు పట్టుకుని ముందు వాసన చూసేవారు. ఫ్రిజ్ తలుపు మూశాక మూడుసార్లు లాగి చూసేవారు. నేను నలభై ఆరు లెక్కపెట్టానంటే, తను మళ్ళీ లెక్కపెట్టి నలభై ఆరు వచ్చాక కూడా నా ముఖం వంక ఒకసారి చూసేవారు. ఇలాంటి మనిషి దగ్గర పనిచేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళాక నా గదికి వేసిన తాళాన్ని నేనూ లాగి చూసుకోవడం మొదలుపెట్టాను.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. రక్తం ట్యూబుతో పాటు ఒక ఫారం వస్తుంది. పేరు, వయసు, ఊరు, ఎందుకు పరీక్ష, అంతకుముందు ఏమైనా ఆపరేషన్లు జరిగాయా అనే వివరాలు అందులో ఉంటాయి. ఎవరైనా ముందు పరీక్ష ఏమిటో చూస్తారు. మేడం మాత్రం ఊరి పేరు మీద వేలు పెట్టేవారు. ఆ తర్వాత వేలు వయసు దగ్గరికి వెళ్ళేది. ఆ రెండూ అయ్యాకే మిగతాది. ఇది మాకెవరికీ నచ్చేది కాదు. తన ఊరివాళ్ళెవరైనా వస్తే ముందు చూడటానికేనని రిసెప్షన్‌లో కూర్చునే రమేశ్ అనేవాడు. నాకైతే అంతకంటే చెడ్డ అనుమానం ఉండేది. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా మీది ఏ ఊరు అనే. కృష్ణా, గుంటూరు నుంచి వచ్చినవాళ్ళంటే ఆవిడకి పడదని నేను తీర్మానించుకున్నాను. అప్పుడప్పుడూ నేను లేనప్పుడు నా బల్ల సొరుగు తెరిచి చూస్తున్నారని కూడా అనుకునేదాన్ని. అది మాత్రం నిజమే, చూసేవారు.

మొదటిరోజు నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పారు. మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములు, అంటే ఇరవై మూడు జతలు. ఇరవై రెండు జతలు ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఒకేలా ఉంటాయి. చివరి జత దగ్గరే తేడా వస్తుంది. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకి ఒక ఎక్స్, ఒక వై. తల్లి దగ్గర ఇవ్వడానికి ఎక్స్ తప్ప ఇంకోటి లేదు. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడ, వై ఇస్తే మగ. వై మరీ చిన్నది. అలాంటి బుజ్జి క్రోమోజోములు ఆడవాళ్ళ కణంలో నాలుగుంటాయి, మగవాళ్ళ కణంలో వైతో కలిపి ఐదు. చేయి తిరిగిన టెక్నీషియన్ ఆ చిన్నవాటిని చూసే ఆడా మగా చెప్పేస్తుంది. "గిదంతా బడిల చదువుకున్నవ్ గద," అన్నారు మేడం. "మంచిగ చదువుకున్నవ్. ఇప్పుడు దీన్ని జర తక్కువ నమ్ము." ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

మా పనిలో చివరి జతకి ఇంకో ఉపయోగం ఉంది. ట్యూబులు తారుమారయ్యాయేమో తెలుసుకోవడానికి ముందు చూసేది దాన్నే. ఫారం మీద ఆడ అని ఉండి స్లైడు మీద ఐదు చిన్నవి కనిపిస్తే, ఎక్కడో చేయి తప్పిందన్నమాట. చేరిన మూడో నెలలో నేను సరిగ్గా అలాంటి పనే చేశాను. ఇద్దరు మనుషుల ట్యూబులకి చీటీలు అటుదిటు ఇటుదటు అంటించాను. రిపోర్టు బయటకి వెళ్ళకముందే మేడం పట్టుకున్నారు. అరవలేదు. ఇంకోసారి ట్యూబు మారిందంటే సంచి సర్దుకొమ్మని మాత్రం నెమ్మదిగా చెప్పారు. అరిచినా బాగుండేది. ఊళ్ళో మా నాన్నకి అప్పటికే పనిచేసే ఓపిక లేదు, తమ్ముడు చదువుకుంటున్నాడు. ఆ ఉద్యోగం పోతే నాకు వేరే దారి లేదు.

రెండు నెలలకి ఒక అమ్మాయి రక్తం వచ్చింది. అసలు పేరు చెప్పను, శిరీష అందాం. పందొమ్మిదేళ్ళు. ఉండేది యూసుఫ్‌గూడలో, డిగ్రీ చదువుతోంది. ఇంతవరకు నెలసరి రాలేదని డాక్టరమ్మ పంపింది. మేడం ఫారం అందుకుని అలవాటు ప్రకారం ఊరు చూశారు, వయసు చూశారు. ఆపరేషన్ల గడి దగ్గర ఆగి ఎర్ర పెన్నుతో గీత గీశారు. చిన్నప్పుడు రెండు గజ్జల్లోనూ హెర్నియా ఆపరేషన్ జరిగిందని రాసి ఉంది. ఆ గీత ఎందుకో నాకర్థం కాలేదు. మూడు రోజులు కణాలని పెంచి, నాలుగో రోజు స్లైడు కింద చూస్తే చిన్నవి ఐదు ఉన్నాయి. ఇంకో కణం చూశాను, ఐదే. పది కణాలు చూశాను. అన్నిటిలోనూ ఎక్స్, దాని పక్కన బెల్లం ముక్కంత వై.

మళ్ళీ ట్యూబు మార్చేశానని నా మనసుకి రూఢి అయిపోయింది. ఇంకేదీ తట్టలేదు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే చుట్టూ చూశాను. మేడం వేరే గదిలో ఫోన్ మాట్లాడుతున్నారు. మాకు అప్పటికే కత్తిరించి అంటించే రోజులు పోయి, కంప్యూటర్‌లో బొమ్మలు అమర్చే పద్ధతి వచ్చింది. ఒక్కో మనిషికి ఒక ఫోల్డరు. ఆ వారమే గర్భం నిలవడం లేదని వచ్చిన ఇంకొకావిడ ఫోల్డరు తెరిచాను. అందులో శుభ్రంగా ఉన్న ఒక ఎక్స్ఎక్స్ బొమ్మకి నకలు తీసి శిరీష ఫోల్డరులో పెట్టాను. అసలు బొమ్మలు తీసేశాను. శిరీష ఆడపిల్ల అని కళ్ళముందు ఫారం చెబుతోంది, తప్పు నాది, నేను సరిదిద్దుతున్నాను, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. మొత్తం పావుగంట కూడా పట్టలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మేడం పిలిచారు. బల్ల మీద రెండు అచ్చు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి శిరీషది, రెండోది ఆ గర్భం నిలవనావిడది. కొందరికి తొమ్మిదో క్రోమోజోములో నడుము దగ్గర ఒక ముక్క తిరగబడి ఉంటుంది. దానివల్ల హాని ఏమీ ఉండదు, పుట్టుమచ్చ లాంటిది. మేడం భూతద్దం తీసి ఆ తొమ్మిదో నంబరు మీద పెట్టారు.

"గీ తొమ్మిది నేను మొన్న చూసిన," అన్నారు. "ఇద్దరికి ఒక్కతీరు ఉండొచ్చు. కాని స్లైడు మీద పడ్డ వంకర సుత ఒక్కతీరు తిరుగుతదా బేటా?"

ఆవిడ శిరీష ఫారం తీసి ఎర్ర గీత చూపించారు. ఆడపిల్లకి రెండువైపులా హెర్నియా వచ్చి, నెలసరి రాలేదంటే, తను ఎక్స్ఎక్స్ వస్తుందని అనుకోనే లేదట. ఎక్స్ఎక్స్ రాగానే కాగితం మీద అనుమానం వచ్చిందట. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. ట్యూబు మళ్ళీ మార్చేశానండీ, భయపడి ఇలా చేశానండీ అని. ఏడుపు ఆగేవరకు చూసి, ఆరోజు వచ్చిన ట్యూబుల జాబితా నా ముందు పెట్టారు. తొమ్మిది ట్యూబులు. ఐదుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు.

"ట్యూబులు అటుదిటు ఇటుదటు అయితే మొత్తం లెక్క మారదు గద," అన్నారు. "ఐదు ఎక్స్ఎక్స్‌లు ఎవరి పేరు మీదనో ఉండాలె. చూడు, నాలుగే ఉన్నయి. ఐదోది ఏడ పోయె?"

మగవాళ్ళు నలుగురికీ ఎక్స్‌వై వచ్చింది. ఎవరిదీ తారుమారు కాలేదు. చిన్నపిల్లలు చేసే కూడిక అది. భయంలో నాకు తోచలేదు. నేను తప్పు చేయలేదు, తప్పు చేశాననుకుని అసలు తప్పు చేశాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనదు.

అయినా మేడం ఆ స్లైడుని కూడా నమ్మలేదు. మర్నాడే శిరీషని మళ్ళీ పిలిపించారు. తనే రక్తం తీశారు. చీటీ మీద పేరు ఆ అమ్మాయి చేతే రాయించి, ఆ అమ్మాయి ముందే ట్యూబుకి అంటించారు. తర్వాత నాలుగు రోజులు నేను చేసే ప్రతి పనినీ నా వెనక నిలబడి చూశారు. నా చేత పని పూర్తి చేయించుకుని ఆ తర్వాత పంపేస్తారనుకున్నాను. లేదా పైవాళ్ళకి చూపించడానికి నా మీద సాక్ష్యం పోగుచేస్తున్నారనుకున్నాను. రమేశ్ నన్ను పలకరించడం మానేసినట్టు అనిపించింది. నిజానికి అతనికి ఏమీ తెలియదు.

యాభై కణాలు లెక్కపెట్టమన్నారు. పెట్టాను. తను ఇంకో యాభై లెక్కపెట్టారు. నూటికి నూరు ఎక్స్‌వై. అప్పుడు ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, మొదటిరోజు చెప్పకుండా వదిలేసిన మిగతా పాఠం చెప్పారు. కడుపులో మొదటి కొన్ని వారాలు ఆడపిండం, మగపిండం ఒకేలా ఉంటాయట. తర్వాత వై మీదున్న ఒక చిన్న జన్యువు వృషణాలు కట్టమని చెబుతుంది. అవి తయారై ఒక హార్మోనుని ఒళ్ళంతా పంపుతాయి. ఆ హార్మోను అందితేనే మగ ఒడ్డూ పొడుగూ వస్తాయి. కొందరిలో వై ఉంటుంది, వృషణాలూ ఉంటాయి, హార్మోనూ ఉంటుంది. కానీ ఒంట్లో కణాలు దాన్ని గుర్తుపట్టవు. ఉత్తరం వచ్చి గుమ్మంలో పడుతుంది, ఇంట్లో ఎవరూ చదవరు. అప్పుడు ఆ బిడ్డ ఆడపిల్లగానే పుడుతుంది, ఆడపిల్లగానే పెరుగుతుంది. గర్భసంచి మాత్రం ఉండదు. అందువల్ల నెలసరి రాదు, పిల్లలు కలగరు. ఆ వృషణాలు గజ్జల్లోకో పొత్తికడుపులోకో దిగి ఆగిపోతాయి. చిన్నప్పటి హెర్నియా అదే. వాటిని పట్టించుకోకుండా వదిలేస్తే పెద్దయ్యాక గడ్డలు కట్టే ప్రమాదం ఉంది.

నేను పెట్టిన బొమ్మతో రిపోర్టు వెళ్ళి ఉంటే, డాక్టరమ్మ అటువైపు చూసేది కాదు. ఇంకేవో మందులు రాసేది. ఆ అమ్మాయి లోపల అవి అలాగే ఉండేవి. ఈ సంగతి మేడం నోటితో అనలేదు. నేనే లెక్క కట్టుకున్నాను, ఈసారి తప్పు లేకుండా.

రిపోర్టు డాక్టరమ్మకి వెళ్ళింది. ఆవిడ తల్లినీ కూతురినీ కూర్చోబెట్టి చెప్పింది. మరుసటి రోజు పదకొండు గంటలకి వాళ్ళిద్దరూ మా మెట్లెక్కి వచ్చారు. మామూలుగా ల్యాబువాళ్ళం ఎవరితోనూ మాట్లాడం. మేడం మాత్రం లోపలికి రమ్మన్నారు. "రా బేటీ, కూర్చో," అన్నారు. శిరీష కూర్చోలేదు. సన్నగా, పొడుగ్గా ఉంది, ముఖం మీద మొటిమ అన్నది లేదు. జాకెట్లు కుట్టే తల్లి వేళ్ళకి సూది గాట్లు. ఆ ఇద్దరి కళ్ళలో కనిపించిన అనుమానాన్ని మేడం కళ్ళలో తప్ప నేనెక్కడా చూడలేదు.

"మీరే రక్తం మార్చిన్రు," అంది శిరీష. "లేకుంటే రెండుసార్లు ఎందుకు తీస్కున్నరు?"

రక్తం గడ్డకట్టింది, సరిపోలేదు అని ప్రతి ల్యాబులోనూ చెప్పే మాటలున్నాయి. మేడం కూడా అదే చెబుతారనుకున్నాను. అలా చెబితే నేను బతికిపోతాను. ఆవిడ ఆ మాట అనకుండా నావైపు తిరిగారు. నన్ను వీళ్ళ ముందు పడేసి తను తప్పించుకుంటున్నారనుకున్నాను. తర్వాత ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఈ చేతులతో ఇంకే స్లైడూ పట్టుకోలేననిపించింది.

చెప్పాను. మొదటిసారి మీ రక్తం సరిగానే చూశానని, అందులో ఉన్నది నమ్మలేక నా తప్పే అనుకుని వేరే ఆవిడ బొమ్మ మీ పేరు మీద పెట్టానని, మేడం పట్టుకున్నారని, ఆ కాగితం బయటకి రాలేదని. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా సరేననుకున్నాను. శిరీష నన్ను వదిలి మేడంని అడిగింది.

"అయితే రెండోది నిజంగ నాదేనా?"

"నువ్వే పేరు రాసినవ్ గద. కావాలంటే చూసుకో," అన్నారు మేడం.

మేడం కుర్చీలో మేమెవరమూ కూర్చునేవాళ్ళం కాదు, మా యజమాని వచ్చినా నిలబడే మాట్లాడేవాడు. ఆవిడ లేచి ఆ అమ్మాయిని అందులో కూర్చోబెట్టారు. స్లైడు పెట్టి, చీటీ మీద ఆ అమ్మాయి చేతిరాత చూపించి, కటకం సరిచేశారు. శిరీష వంగి చూసింది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. మేమెవరమూ తొందర చేయలేదు. చివరికి నలభై ఆరు అంది. అందరికీ ఇన్నే ఉంటాయా అని అడిగింది. అందరికీ ఇన్నే అన్నారు మేడం. వై ఏదో చూపించమంది. మేడం పక్కనుంచి వంగి, మైక్రోస్కోపు కంటికద్దంలోని సూదిమొనని దాని పక్కకి జరిపారు.

"గింత చిన్నదానికా గింత లొల్లి?" అంది శిరీష.

మేడం నవ్వారు. ఆవిడ పళ్ళు నేను చూడటం అదే మొదలు. కాని శిరీష నవ్వలేదు. కంటికద్దం మీదనుంచి ముఖం ఎత్తకుండానే అడిగింది, తను ఆడపిల్లేనా అని. తల్లి అప్పటిదాకా అణుచుకున్న ఏడుపు బయటకి వచ్చింది.

"నువ్వు లోపలికి రాంగనే నిన్ను ఏమని పిలిచిన?" అన్నారు మేడం.

"బేటీ అన్నరు."

"నీ కాగితం నూరుసార్లు చూసినంక పిలిచిన బేటీ. చూడకముందు కాదు."

శిరీష అప్పుడు ముఖం ఎత్తింది. తర్వాత ఏం చేయాలో, ఏ సర్జన్‌ని కలవాలో మేడం ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చారు. వెళ్ళేటప్పుడు శిరీష నా దగ్గర ఆగింది. ఏమంటుందోనని ఎదురుచూశాను. నా మెడలోని గుర్తింపు కార్డు తిప్పి పేరు చదువుకుని వెళ్ళిపోయింది. నాలుగు నెలల తర్వాత ఆపరేషన్ అయిందని, లోపలివి తీసి పరీక్షకి పంపితే భయపడాల్సింది ఏమీ కనిపించలేదని డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆరోజు నేను బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. తలుపు గడియ మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే మేడం బీరువాలోంచి అట్ట చిరిగిన ఒక పొడుగాటి పుస్తకం తీశారు. మా ల్యాబులో తప్పుల పుస్తకం అని ఒకటుందని వినడమే తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిదిద్దాం అని గళ్ళు ఉన్నాయి. నీది రాయి అన్నారు. రాశాను. మూడో గడిలో ఏం రాయాలో తెలియక ఆగితే, ఆవిడే పెన్ను తీసుకుని, టెక్నీషియన్ స్వయంగా చెప్పింది అని రాశారు. ఉద్యోగంలోంచి తీసేస్తారా అని అడిగాను. దానికి జవాబుగా పుస్తకం మొదటి పేజీ తిప్పి నా ముందు పెట్టారు.

మొదటి తప్పు ఆవిడదే. ఈ ల్యాబు పెట్టకముందు, అప్పటికి పదిహేనేళ్ళ కిందట వేరే చోట పనిచేసేటప్పటిది. పేరు లేదు. పదిహేడేళ్ళ అమ్మాయి, ఊరు పరిగి, నెలసరి రాలేదు, ఎక్స్‌వై. ఎందుకు జరిగింది అన్న గడిలో, ట్యూబు మారిందనుకున్నాను అని ఉంది. అప్పుడు ఆవిడ కూడా నాలాగే భయపడ్డారు, కాని బొమ్మ మార్చలేదు. రక్తం పాడైంది, మళ్ళీ వచ్చి ఇవ్వండి అని ఇంటికి ఉత్తరం రాయించారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. అంతదూరంనుంచి రెండోసారి ఎవరొస్తారు. ఆ తర్వాత ఇలాంటి అమ్మాయిల గురించి చదివి, అది తారుమారు కాదేమోనని అర్థమయ్యేసరికి ఏడాది గడిచిపోయింది. రెండుసార్లు బస్సెక్కి పరిగి వెళ్ళారట. చిరునామాలో తండ్రి పేరు, ఊరి పేరు తప్ప ఏమీ లేదు. ఆ పేరున్నవాళ్ళు ఊళ్ళో ఎంతోమంది.

"ఏమని అడగాలె చెప్పు," అన్నారు. "నెలసరి రాని పిల్ల ఏ ఇంట్ల ఉన్నదని అడుగుదునా?"

మూడో గడి ఖాళీగా ఉంది. అప్పుడు నాకు ఆ వేలు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ప్రతి ఫారం మీద ఊరి పేరు దగ్గర, ఆ వెంటనే వయసు దగ్గర ఆగిన వేలు. ఆవిడకి మా ప్రాంతంవాళ్ళంటే పడదని నేను అనుకోవడం, తన ఊరివాళ్ళ కోసం చూస్తున్నారని రమేశ్ అనడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను ఆవిడని క్షమించమని అడగాలనుకున్నాను. దేనికని అడగాలో తెలియలేదు. పుస్తకం మూసి ఇచ్చాను. ఆవిడ బీరువాకి తాళం వేసి మూడుసార్లు లాగి చూశారు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ దగ్గరే పనిచేశాను. నామీద అనుమానం ఒక్కరోజు కూడా తగ్గించుకోలేదు. నేను లెక్కపెట్టింది మళ్ళీ లెక్కపెట్టేవారు, సొరుగు తెరిచి చూసేవారు. నాకు కోపం మాత్రం పోయింది. గడియారాన్నీ టీనీ ట్యూబునీ స్లైడునీ నన్నూ తన్నూ అన్నిటినీ అనుమానించిన మనిషి, ఎదురుగా నిలబడిన ఆ పిల్లని మాత్రం అనుమానించలేదు. అది చూశాక ఆవిడ తిట్లు కూడా నాకు తిట్లలా అనిపించలేదు. రిటైరయ్యే రోజు పూలదండ వద్దన్నారు. తప్పుల పుస్తకం నా చేతిలో పెట్టి, ఫికర్ చెయ్యకు, అన్నిటినీ రెండుసార్లు చూడు అని వెళ్ళిపోయారు. కిందికి దిగాక మళ్ళీ పైకొచ్చి ఫ్రిజ్ తలుపు లాగి చూశారు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలు నా వెనక ఏం అనుకుంటారో నాకు తెలుసు. ఫారం రాగానే ముందు ఊరి పేరు చూస్తానని, ఈవిడకి ఎవరి ఊరితో ఏం పని అని గొణుక్కోవడం ఒకరోజు విన్నాను. నా పని చూసుకున్నాను. పరిగి అమ్మాయి ఎక్కడున్నా నలభై దాటి ఉంటుంది. ఆమె లోపల ఉన్నవాటిని ఎవరైనా చూశారో లేదో, తన గురించి తనకి ఎవరైనా సరిగా చెప్పారో లేదో తెలియదు. అసలు ఉందో లేదో తెలియదు. మేడం పోయినప్పుడు యూసుఫ్‌గూడలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. అక్కడ అందరూ ఏడుస్తుంటే, నాకు ఆ ఖాళీ గడే కళ్ళముందు కనిపించింది.

నూడుల్స్ బండి దగ్గర వెనిగర్ వాసన తగిలిన ఆ మర్నాడే, పొద్దున్న వచ్చిన ఫారాల్లో నా వేలు ఒకచోట ఆగింది. పరిగి. వయసు నలభై రెండు. ఆడ. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని మిగతాది చదివాను. ముగ్గురు పిల్లల తల్లి అట. రెండోసారి కూడా చదివాను. తర్వాత ఆ ఫారం పక్కన పెట్టి, కిందది తీసుకుని ఊరి పేరు మీద వేలు పెట్టాను.